సారాయెవో గ్రంథాలయ భవనము

బోస్నియా రాజధానియగు సారాయెవోలో 1896లో పురపాలక భవనముగా వెలసిన సుందర సౌధము, రెండవ ప్రపంచ యుద్ధానంతరము జాతీయ గ్రంథాలయమయ్యెను. 1992 ఆగస్టులో నగరమును ముట్టడించిన సెర్బు సేనల ఫిరంగి గుండ్లకు అది తగులబడెను. పౌరులును, గ్రంథాలయోద్యోగులును ప్రాణములకు తెగించి, వరుసగా నిలిచి, పుస్తకములను చేతినుండి చేతికందించి కొన్నింటిని కాపాడిరి. అందొక గ్రంథపాలకురాలు ఇంటికి మరలు త్రోవలో హతురాలయ్యెను. లక్షలాది గ్రంథములు బూడిదయ్యెను.

పలు దేశముల ద్రవ్యసహాయముతో 1996లో మొదలిడిన పునరుద్ధరణము దశలవారిగా సాగి, 2014 మే 9న భవనద్వారములు తెరువబడెను. పూర్వపు రంగుటద్దముల గోపురము క్రింద సంగీత సభలు, ప్రదర్శనములు జరుగనారంభించెను. స్తంభములను పూర్వరీతిని చెక్కగలిగిరి; ఏకైక ప్రతులుగా నుండి కాలిన గ్రంథములను మాత్రమెవ్వరును తిరిగి తేజాలకపోయిరి.