ఫోలిక్ యాసిడ్

ఫోలిక్ యాసిడ్ లేదా విటమిన్ బి9 నీటిలో కరిగే బి-కాంప్లెక్స్ విటమిన్లలో ఒకటి. శరీరంలో ఒక కణం రెండు కావాలంటే ముందు దాని డీఎన్ఏకు నకలు తయారవ్వాలి. అందుకు అవసరమైన థైమిన్ అనే డీఎన్ఏ భాగం తయారీ ఈ విటమిన్ లేకపోతే కుంటుపడుతుంది. అందుకే నిత్యం కొత్త కణాలు పుట్టే ఎముక మజ్జలో దీని లోటు త్వరగా తెలిసిపోతుంది. అక్కడి కణాలు ఒళ్లు పెంచుకుంటాయే గాని విడిపోలేవు. రక్తంలోకి వచ్చే ఎర్రకణాలు పెద్దవిగా ఉంటాయి, వాటి సంఖ్య మాత్రం పడిపోతుంది. మనిషి పాలిపోతాడు, నాలుక మంట పుడుతుంది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం.

ఈ జబ్బు గుట్టు బొంబాయిలో బయటపడింది. 1928లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన డాక్టర్ లూసీ విల్స్ అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో తీవ్రమైన రక్తహీనతను గమనించారు. వాళ్లేం తింటున్నారో ఆరా తీస్తే పళ్లు, కూరగాయలు, పాలు దాదాపు కనిపించలేదు. ఎలుకల మీద, కోతుల మీద ప్రయోగాలు చేసి, చివరికి రోగులకు మార్మైట్ ఇచ్చారు. అది ఈస్టు నుంచి తీసిన, రొట్టెకు రాసుకునే చవక పదార్థం. రోగులు కోలుకున్నారు. 1931లో ఈ ఫలితం అచ్చయింది. మరో రకం రక్తహీనతకు పనిచేసే శుద్ధి చేసిన కాలేయ సారం ఈ స్త్రీలకు పనిచేయలేదు. అంటే లోటు పడింది వేరే పదార్థం. పేరు తెలియని ఆ పదార్థాన్ని ‘విల్స్ ఫ్యాక్టర్’ అన్నారు.

1941లో అమెరికాలోని టెక్సస్ పరిశోధకులు నాలుగు టన్నుల పాలకూర నుంచి ఆ పదార్థాన్ని కాసింత వేరుచేయగలిగారు. అంత ఆకుకూరకు అంత తక్కువ మందు దొరికితే వైద్యానికి చాలదు. ప్రయోగశాలలో తయారు చేయాల్సిందే. ఆ పని 1945లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లే సంస్థలో, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలో జరిగింది. సుబ్బారావు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగు జబ్బుతో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టనివ్వని ఆ జబ్బులో ఫోలిక్ యాసిడ్ లోటు ప్రధానం. తెలుగు వ్యాసాల్లో ఈ విజయాన్ని ఆయన ఒక్కడికే కట్టబెట్టడం పరిపాటి. నిజానికి ఆ పరిశోధన పత్రంపై పదిమందికి పైగా శాస్త్రవేత్తల పేర్లున్నాయి. అంతమందిని ఒక తాటిమీద నడిపించడమే ఆయన ప్రతిభ.

ఆ తర్వాత కథ అడ్డం తిరిగింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఫోలిక్ యాసిడ్ సంబంధిత పదార్థాలు ఇస్తే జబ్బు ముదురుతున్నట్టు అనిపించింది. కణాల పెరుగుదలకు ఈ విటమిన్ మేత అయితే, దాన్ని అందకుండా చేస్తే? సుబ్బారావు బృందం విటమిన్‌ను పోలి ఉండి దాని పనిని అడ్డుకునే అణువులు తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో చికిత్స పొందిన 16 మంది పిల్లల్లో 10 మందికి తాత్కాలికంగా ఉపశమనం దొరికిందని 1948లో ఫార్బర్ ప్రకటించారు. అదే ఏడాది ఆగస్టులో, 53 ఏళ్లకు, సుబ్బారావు కన్నుమూశారు. అమినోప్టెరిన్ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్‌ను నేటికీ క్యాన్సర్‌కే కాక కీళ్లవాతానికీ వాడుతున్నారు. కీళ్లవాతం రోగులకు ఆ మందు వారానికొకసారి ఇస్తూ, దాని దుష్ప్రభావాలు తగ్గడానికి ఫోలిక్ యాసిడ్ బిళ్ల కూడా రాస్తారు.

గర్భంలోనూ ఈ విటమిన్ కీలకం. గర్భస్థ శిశువులో వెన్నుపాముగా, మెదడుగా మారే నాడీనాళం గర్భం దాల్చిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. మూసుకోకపోతే బిడ్డ వెన్ను చీలికతో పుట్టవచ్చు. అలాంటి బిడ్డను అంతకుముందు కన్న తల్లులు ఈసారి గర్భానికి ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ తీసుకుంటే ముప్పు 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి అధ్యయనం తేల్చింది. అమెరికా 1998 నుంచి గోధుమపిండి వంటి ధాన్య ఉత్పత్తుల్లో దీన్ని కలపడం తప్పనిసరి చేసింది.

మన దగ్గర ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం గర్భిణుల చేతికిచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. నాలుగో నెల నుంచి 180 రోజులు వాడాలి. తల్లి రక్తానికి అది మేలే, కానీ నాడీనాళం సంగతి అప్పటికే తేలిపోయి ఉంటుంది. అందుకే గర్భం కోరుకునే స్త్రీలు ముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాములు తీసుకోవాలని వైద్యులు చెబుతారు. తోటకూర, పాలకూర, పెసలు, శనగల్లో ఈ విటమిన్ సహజంగా ఉంటుంది. ఆకుకూర ఉడికించిన నీళ్లు పారబోస్తే అందులో చాలా భాగం పోతుంది.

రేషన్ బియ్యంలో పోషకాలు దట్టించిన గింజలను వందకు ఒకటి చొప్పున కలపడం ఫోలిక్ యాసిడ్ అందించడానికి మరో దారి. బియ్యప్పిండితో చేసిన ఆ గింజలు నీళ్లలో పైకి తేలేసరికి ‘ప్లాస్టిక్ బియ్యం’ అన్న పుకారు తెలుగు పల్లెల్లో గట్టిగానే తిరిగింది. వాటిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్‌తో పాటు విటమిన్ బి12 కూడా ఉంటుంది. బి12 తక్కువున్న మనిషికి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఎక్కువ మోతాదులో ఇస్తే రక్తం మెరుగుపడినట్టే కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి.