ఓరుగంటి పరుసవేది కథలోని అతుకులు



దూరదర్శనములో వచ్చు విజ్ఞానకల్పిత కథలను చూచిన పిల్లలు కొందఱు, కథ ముగియగానే, "కాలమును వెనుకకు త్రిప్పు యంత్రము చేత నుండగా నాయకుడు దానిని మొదటనే యేల వాడలేదు?" అని యడుగుచుందురు. పెద్దలు విసుగుకొందురు గాని, ఆ ప్రశ్న న్యాయమైనదే. కథలో వింత యుండుట దోషము గాదు. వింతను ఒకసారి తెచ్చి, అవసరము కలిగినపుడు దానిని మఱచుటయే దోషము. ఇట్టి మఱపులు మన ఓరుగంటి కథలోను గలవు.

ఏకామ్రనాథుని ప్రతాపరుద్రచరిత్రమును మీలో పలువురు ఎఱుగుదురు. 1323లో కాకతీయ రాజ్యము పడిపోయిన చాలకాలమునకు పుట్టిన వచనగ్రంథ మది. ప్రోలరాజు కాలమున ఓరుగల్లు దగ్గర ఒక బండి యినుము నేలలోని రాతికి తగిలి బంగారమయ్యెననియు, ఆ రాయి పరుసవేది లింగమనియు, రాజు దానికి గుడి కట్టించి హనుమకొండనుండి రాజధానిని అచ్చటికి మార్చెననియు ఆ సంప్రదాయము చెప్పుచున్నది. వినుటకు ఎంతయో సొంపుగా నున్నది.

ఇనుమును బంగారముగా మార్చు రాయి కోటనడుమ నుండగా, ప్రోలుని మనుమడు గణపతిదేవుడు 1244 ప్రాంతమున మోటుపల్లి రేవులో అభయశాసన మేల చెక్కించెను? పూర్వపు రాజులు, తుపానుకు చెదరి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకు నంతయు లాగికొనెడివారు. ఇకమీదట నియమితమైన సుంకమును తప్ప మఱేమియు తీసికొనమని గణపతిదేవుడు వర్తకులకు మాట యిచ్చెను. సుంకము ముప్పదవ వంతు. పరుసవేది గల రాజు ముప్పదవ వంతుకై సముద్రపుటొడ్డున రాయి నిలుపునా? సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో 1213లో ఆలయమును, దాని చెంత చెఱువును నిర్మించెను. జగదాల ముమ్మడి పాకాల చెఱువును కట్టించెను. ఓరుగంటి ఐశ్వర్యము ఎచ్చటనుండి వచ్చెనో ఆ తూములయొద్ద నిలిచి పారుదల నీటిని చూచినవానికి వేఱుగా చెప్పనక్కఱలేదు. కథకునకు మాత్రము అంత సంపదకు ఒక్క రాయి చాలినది.

ఆ గుడిలోనే ప్రోలరాజు కన్నకొడుకు చేత హతుడయ్యెనని కథ. తండ్రిని చంపునని జ్యోతిష్కులు చెప్పగా శిశువును విడిచిరట. వాడు గుడిలో పెరిగి, రాత్రి వచ్చిన రాజును నిద్రమబ్బులో పొడిచెనట. రాజ్యమంతటికి మూలధనమైన లింగమున్నచోటికి రాజు అర్ధరాత్రి తోడు లేక యేల పోయెను? ఆ కొడుకైన రుద్రదేవుడు వేయిస్తంభముల గుడిలో 1163లో వేయించిన శాసనము తండ్రి విజయములను కొనియాడుచున్నది. తండ్రిని చంపినవాడు ఆ మాట రాతిపై చెక్కించునా యని మీరనవచ్చును. నిజమే, ఇచ్చట రాతి మౌనము ఏమియు రుజువు చేయదు. కథలోని లోపము మాత్రము లోపముగనే యున్నది.

అన్నిటికంటె పెద్ద అతుకు రుద్రమదేవి విషయమున బడినది. ఈ సంప్రదాయము ఆమెను గణపతిదేవుని భార్యగా చెప్పుచున్నది. మోటుపల్లి రాజ్యమును గూర్చి వ్రాసిన వెనీసు యాత్రికుడు మార్కోపోలో కూడ ఆమెను మృతుడైన రాజుయొక్క భార్యగనే తలచెను. పాములు నిండిన లోయలో మాంసపు ముక్కలు విసరి, వానిని తన్నుకొనిపోవు గ్రద్దలవలన వజ్రములు సంపాదింతురని వ్రాసినవాడును ఆయనయే గనుక, విన్నదెల్ల నమ్మెనని మనము సరిపెట్టుకొనవచ్చును. కాని ఆమె భార్యయే యైనచో, భర్త పోయినపిదప మనుమని పేరట పాలించి యుండవలెను గదా. శాసనములలో ఆమె పేరు రుద్రదేవ మహారాజు. పురుషనామముతో, మహారాజ బిరుదముతో, తన పేరటనే ఏలినది. ఆమె భర్త నిడదవోలు చాళుక్య వీరభద్రుడు. మందడము గ్రామదానమును దెలుపు 1261 నాటి మల్కాపుర శాసనము ఆమె గణపతిదేవుని కుమార్తె యని చెప్పుచున్నది.

ఈ చిల్లు ఏల పడెనో ఊహించుట కష్టము గాదు. కొడుకులు లేని తండ్రి కూతును సింహాసనమున కూర్చుండబెట్టెననుట తరువాతివారికి మ్రింగుడుపడలేదు. ఇనుము బంగారమగుటను సుళువుగా నమ్మిరి. కూతురు మహారాజగుటను నమ్మలేక ఆమెను భార్యగా మార్చిరి. ఓరుగంటి కథలోని వింతలన్నిటిలో నిజమైన వింత అదియే. కథకుడు దిద్దినదియు దానినే.

ప్రతాపరుద్రుని అంత్యమును గూర్చియు ఇట్టి సవరణయే జరిగినది. ఢిల్లీ సుల్తాను ఆయనను దైవాంశసంభూతునిగా గుర్తించి విడిచిపెట్టెననియు, ఆయన తిరిగి ఓరుగల్లు చేరెననియు కథ. ప్రోలయ నాయకుని విలస తామ్రశాసనము మాత్రము, ఢిల్లీకి గొనిపోవుచుండగా ఆయన నర్మదాతీరమున మరణించెనని చెప్పుచున్నది. అభిమాన రాజు దారిలో బందీగా పోయెననుటకు కథకుని నోరు రాలేదు కాబోలు. దీనిని నేను తప్పుపట్టను.

రుద్రమ చివరినాళ్ల సంగతియు పుస్తకములలో గాక పల్లెలోనే దొరకినది. నల్లగొండ జిల్లా చందుపట్లలో 1289 నవంబరు 27వ తేదీ గల శాసన మొకటి యున్నది. రుద్రమదేవికిని, ఆమె సేనాని మల్లికార్జున నాయకునికిని శివలోకప్రాప్తి కలుగుటకై భూమి దానమిచ్చినట్లు దానిలో గలదు. దానిని వేయించినవాడు రాజు గాడు, కవి గాడు. పువ్వుల ముమ్మడి యను సేవకుడు.