ఆలిస్ నీల్ మలిదశ చిత్రాలు

ఆలిస్ నీల్ (1900–1984) అమెరికన్ చిత్రకారిణి. నైరూప్య కళ రాజ్యమేలిన కాలంలోనూ ఆమె మనిషి రూపాన్ని విడిచిపెట్టలేదు. న్యూయార్క్‌లోని తన ఇంట్లోనే స్నేహితులను, కళాకారులను, కుటుంబ సభ్యులను ఎదుట కూర్చోబెట్టుకుని చిత్రించారు. నీలి బాహ్యరేఖలు, పూర్తిగా నింపకుండా వదిలిన నేపథ్యం మలిదశ రూపచిత్రాల ప్రత్యేకతలు. 'ఆండీ వార్‌హోల్' (1970)లో కళ్లు మూసుకుని కూర్చున్న ఆయన ఒంటిపై శస్త్రచికిత్స మచ్చలు కనిపిస్తాయి.

ఆమె నిశ్చల చిత్రాల్లోనూ మనుషుల ఉనికి తెలుస్తుంది. 1970లోనే వేసిన 'ఒంటరితనం'లో కిటికీ దగ్గర ఖాళీ కుర్చీ ఒక్కటే ఉంటుంది. కొడుకు హార్ట్‌లీ ఇల్లు విడిచి వెళ్లాక గీసిన చిత్రమిది.

1974లో విట్నీ మ్యూజియం ఆమె చిత్రాల పునరావలోకన ప్రదర్శన ఏర్పాటుచేసింది. 1980లో, 80వ ఏట, కుంచె పట్టుకుని కూర్చున్న తన నగ్న స్వీయచిత్రాన్ని పూర్తిచేశారు. వయసు తెచ్చిన మార్పులను దాచని ఆ చిత్రం వాషింగ్టన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉంది.