పన్ను లెక్కలోకి ఇల్లు ఎలా వచ్చింది

బోధన్ వైపు కాస్త నిలదొక్కుకున్న ఇంటికి మూడు దిక్కుల నుంచి డబ్బు రావచ్చు. నిజాంసాగర్ కాలువ కింద పండిన చెరుకుది ఒకటి. శక్కర్‌నగర్‌లో 1937లో వెలసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లూ అక్కడ పనిచేసే కొడుకు జీతం ఇంకొకటి. నిజామాబాద్‌లో తాతలనాటి మడిగె ఉంటే దాని కిరాయి మూడోది. వండుకునేది ఒకే పొయ్యి మీదైనా ఆదాయపు పన్ను ఈ మూడింటినీ మూడు తీర్ల చూస్తుంది.

చెరుకు సంగతి త్వరగా తేలుతుంది. 1860లో జేమ్స్ విల్సన్ తెచ్చిన పన్ను సాగు రాబడినీ వదల్లేదు. 1886 చట్టం దాన్ని మినహాయించింది, ఆ మినహాయింపు నేటికీ ఉంది. కాకపోతే 1973 నుంచి, మిగతా ఆదాయం పన్ను పరిమితి దాటి, సాగు ఆదాయం ఇప్పటి లెక్కన 5,000 రూపాయలు మించితే, రేటు తేల్చడానికి మాత్రం దాన్నీ కలుపుతారు.

జీతం కథలోనే భార్యాపిల్లలు వస్తారు. నిజాం రాజ్యానికి సొంత ఆదాయపు పన్ను చట్టం ఉండేది. 1950 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటి చట్టమే ఇక్కడా అమలైంది. 1955 బడ్జెట్లో ఆర్థిక మంత్రి సి.డి. దేశ్‌ముఖ్ పెళ్లయినవారికి 2,000 రూపాయల వరకు, కానివారికి 1,000 వరకు పన్ను లేకుండా చేశారు. ఆ దశాబ్దం చివరికి లెక్క పిల్లల దాకా వచ్చింది. పిల్లలు లేని దంపతుల ఇంట్లో సంపాదించేవాడికి 3,000, ఒక బిడ్డ ఉంటే 3,300, ఇద్దరుంటే 3,600. మూడో బిడ్డకు ఏమీ లేదు. సంపాదించే మనిషి వెనుక తినే నోళ్లున్నాయని చట్టం ఒప్పుకోవడం చాలా మంచి పని. కానీ మన ఊళ్లలో జీతం మీద బతికే ముసలి తల్లికి ఆ లెక్కలో చోటు లేకపోవడం నాకు ఇప్పటికీ అన్యాయంగానే తోస్తుంది. తర్వాత ఈ పద్ధతి పోయి, పెళ్లితో, పిల్లలతో పనిలేకుండా పరిమితి ఒకటైంది.

మడిగె కిరాయిది అన్నింటికన్నా చిక్కు కథ. పంపకం కాని పిత్రార్జితమైతే ఆ కిరాయి కొడుకుది కాదు, అవిభక్త హిందూ కుటుంబానిది. 1922 చట్టం నాటికే కుటుంబం ఒక పన్నుదారు. ఇంటి కర్త దాని పేరిట వేరే రిటర్న్ వేస్తాడు, దానికి వేరే మినహాయింపు పరిమితి ఉంటుంది. అయితే కుటుంబం అనిపించుకోవడానికి ఎందరు మగవాళ్లుండాలి? ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఎన్.వి. నరేంద్రనాథ్ కేసు దీనిమీదే. పంపకంలో వాటా తీసుకున్న ఆయనకు ఉన్నది భార్య, ఇద్దరు చిన్న ఆడపిల్లలు. అప్పటి సంపద పన్నులో వ్యక్తికి 2 లక్షల మినహాయింపు, కుటుంబానికి 4 లక్షలు. మగవాడు ఒక్కడే గనుక వ్యక్తేనని అధికారులన్నారు. భార్య, కూతుళ్లున్న ఇల్లు కుటుంబమేనని 1969లో సుప్రీంకోర్టు తేల్చింది.

కుటుంబమైతే అయింది గానీ ఆ కూతుళ్లకు అప్పటికి ఆస్తిలో పుట్టు హక్కు లేదు. ఎన్టీఆర్ ప్రభుత్వ కాలంలో వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి పెళ్లికాని ఆడపిల్లలకు కొడుకులతో సమాన వాటా ఇచ్చింది. దేశమంతటా, పెళ్లితో పనిలేకుండా, ఆ హక్కు రావడానికి 2005 సెప్టెంబర్ 9 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ ముసలి తల్లి కూడా ఆలస్యంగానే అయినా లెక్కలోకి వచ్చింది. ఇప్పుడున్న రెండు పన్ను విధానాల్లో పాతదానిలో, అరవై దాటిన తల్లిదండ్రుల ఆరోగ్య బీమాకు, బీమా లేకపోతే వైద్యానికి, ఏడాదికి 50,000 దాకా తగ్గింపు ఉంది. పోషణలో ఉన్న వికలాంగుడైన తమ్ముడికో చెల్లికో 75,000, వైకల్యం తీవ్రమైతే 1,25,000. కొత్త విధానంలో ఇవి లేవు, పైగా ఇప్పుడు అడగకపోతే వర్తించేది కొత్తదే. జీతగాళ్లు ఏ ఏటికాయేడు ఎంచుకోవచ్చు గనుక, ఇంట్లో అలాంటివారుంటే రెండు విధాలా లెక్క వేయించుకున్నాకే గడువులోపు రిటర్న్ వేయాలి.