సికిల్ సెల్ ఉత్పరివర్తనం (ఉత్తర తెలంగాణ)

కొడవలి కణ రక్తహీనతకు మూలమైన జన్యుమార్పు ఇది. తెలంగాణలో పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని గోండు, కొలాం తదితర ఆదివాసీ సముదాయాల్లో ఎక్కువగా కనిపిస్తుంది. చొప్పదండి వరిపొలాల నుంచి ధర్మపురి మీదుగా రాయపట్నం వంతెన దాటి, లక్సెట్టిపేట నుంచి ఉట్నూరు వైపు సాగితే వచ్చే అడవి ప్రాంతం వారిది. ఉత్పరివర్తనాలు జన్యు సమాచారాన్ని చెరుపుతాయే గాని కొత్తగా ఏదీ చేర్చలేవనే వాదన ఎంత నిలుస్తుందో చూడటానికి ఇంత తేటగా తెలిసిన ఉదాహరణలు తక్కువ.

1910లో షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ ఒక రోగి రక్తంలో కొడవలి ఆకారపు కణాలను వర్ణించాడు. జబ్బు హిమోగ్లోబిన్ అణువులోనే ఉందని లైనస్ పౌలింగ్ బృందం 1949లో తేల్చింది. తేడా ఎక్కడుందో 1956-57లో వెర్నన్ ఇంగ్రామ్ పట్టుకున్నాడు: బీటా గొలుసులోని 146 అమైనో ఆమ్లాల్లో ఆరోది, గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్. డీఎన్ఏలో జీఏజీ కాస్తా జీటీజీ అయింది, అంతే. ఆక్సిజన్ వదిలాక ఈ హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పోగులు కడతాయి. కణం వంగి బిరుసెక్కుతుంది, సన్న రక్తనాళాలు మూసుకుపోతాయి, ఒళ్లంతా నొప్పులు.

భారతదేశంలో దీన్ని 1952లో లేమన్, కట్‌బుష్ నీలగిరి ఆదివాసుల్లో గుర్తించారు. తర్వాత మధ్య భారతంలోనూ దక్కన్‌లోనూ బయటపడింది.

ప్రాణాలు తీసే మార్పు తరతరాలుగా ఎందుకు నిలిచింది? తూర్పు ఆఫ్రికాలో పనిచేసిన ఆంథొనీ అలిసన్ 1954లో జవాబిచ్చాడు. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే ఈ జన్యువు వచ్చినవారు (వాహకులు) సాధారణంగా ఆరోగ్యంగా ఉంటారు, పైగా తీవ్రమైన ఫాల్సిపారం మలేరియా నుంచి వారికి రక్షణ ఉంటుంది. ఇద్దరి నుంచీ వస్తేనే జబ్బు. ఆదిలాబాద్ అడవులు చలిజ్వరానికి పేరుపడ్డవే. మలేరియాను దోమతో ముడిపెట్టిన ఆధారం 1897లో రోనాల్డ్ రాస్‌కు దొరికింది కూడా తెలంగాణలోనే, సికింద్రాబాద్‌లో.

ఇప్పుడు సమాచారం సంగతి. జీఏజీ, జీటీజీ రెండూ మూడక్షరాలే. అక్షరాలు తరగలేదు, పెరగలేదు. 1948లో క్లాడ్ షానన్ ఇచ్చిన కొలమానం సందేశంలోని అనిశ్చితిని కొలుస్తుంది. ఆ సందేశం బతుక్కి పనికొస్తుందా లేదా అన్నది దాని పరిధిలో లేదు. వాదన పెట్టేవారు తరచూ ఈ రెంటినీ కలిపేస్తారు. ఒకే అక్షరం ఉన్న చోట రెండు రకాలు చేరితే, షానన్ లెక్కన ఆ జనాభాలో సమాచారం పెరిగినట్టే. లాభమా నష్టమా అంటే, దోమలున్న అడవిలో ఒక జవాబు, మలేరియా లేని పట్నంలో మరో జవాబు. ఆ అక్షరాన్ని మాత్రమే ఎంతసేపు చూసినా ఈ తీర్పు దొరకదు.

కొత్త జన్యువులు ఎలా పుడతాయన్న ప్రశ్నకూ జవాబు ఆ పక్కనే, 11వ క్రోమోజోమ్ మీద ఉంది. బీటా, డెల్టా, రెండు గామా, ఎప్సిలాన్ గ్లోబిన్ జన్యువులు వరుసగా ఉంటాయి. ఇవన్నీ ఒకే పూర్వ జన్యువు నకళ్లు పడి, ఆ నకళ్లు వేరువేరుగా మారగా ఏర్పడ్డవి. గామా గొలుసులతో తయారయ్యే పిండ హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుంటుంది, తల్లి రక్తం నుంచి గుంజుకోవడానికి అది గర్భస్థ శిశువుకు అక్కరకొస్తుంది. భారతీయ రోగుల్లో ఎక్కువగా కనిపించే అరబ్-ఇండియన్ హాప్లోటైప్‌లో (ఒకే క్రోమోజోమ్ మీద కలిసి సంక్రమించే తేడాల సముదాయంలో) పుట్టాక కూడా ఈ పిండ హిమోగ్లోబిన్ కాస్త ఎక్కువగా మిగులుతుంది కనుక జబ్బు తీవ్రత కొంత తగ్గుతుందని చెబుతారు. అలాగని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. ఇక్కడా తీవ్రంగా బాధపడేవారున్నారు.

చికిత్సలో వాడే హైడ్రాక్సీయూరియా ప్రధానంగా చేసే పని ఈ గామా జన్యువులను మళ్లీ మేల్కొల్పడమే. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ఆదివాసీ ప్రాంతాల్లో 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని తలపెట్టింది. వధూవరులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. అందుకే పెళ్లికి ముందే ఎవరు వాహకులో తెలిపే కార్డులు ఇస్తున్నారు.