బువాకేలో ఆడిన మ్యాచ్

2005 అక్టోబర్ 8న సూడాన్‌లోని ఒమ్‌దుర్మాన్‌లో ఐవరీ కోస్ట్ ఫుట్‌బాల్ జట్టు 3-1తో గెలిచింది. అయినా ఆటగాళ్ల గుండెలు దడదడలాడుతూనే ఉన్నాయి. అవతల యావుందేలో ఈజిప్టును కామెరూన్ ఓడిస్తే ప్రపంచకప్ బెర్తు వాళ్లకే పోతుంది. చివరి క్షణాల్లో కామెరూన్‌కు పెనాల్టీ దక్కింది. పియర్ వోమే తన్నిన బంతి పోస్టుకు తగిలి బయటికి పోయింది. ఐవరీ కోస్ట్ మొట్టమొదటిసారి ప్రపంచకప్‌కు చేరింది.

డ్రెస్సింగ్ రూమ్‌లో జట్టు స్ట్రైకర్ దిదియే ద్రోగ్బా మైకు అందుకున్నాడు. జట్టంతా కెమెరా ముందు మోకరిల్లింది. ఉత్తరాదివాళ్లం, దక్షిణాదివాళ్లం కలిసి సాధించాం, మీరూ ఆయుధాలు దించి ఎన్నికలు జరపండి అని తమ దేశాన్ని వేడుకున్నారు.

ఆ వేడుకోలు వెనుక ఒక అంతర్యుద్ధం ఉంది. ప్రపంచంలో కోకో ఎక్కువగా పండేది ఈ దేశంలోనే. ఆ తోటల్లో పనికోసం బుర్కినా ఫాసో, మాలి నుంచి లక్షలమంది వచ్చి స్థిరపడ్డారు. 1993లో తొలి అధ్యక్షుడు ఊఫ్వే-బ్వానీ మరణించాక పదవి కోసం కుమ్ములాట మొదలైంది. అసలైన ఐవరీ పౌరులెవరన్న వాదన అందులో ఆయుధమైంది. ఉత్తరాది ముస్లింలను, పేరు వింటేనే, పరాయివాళ్లుగా అనుమానించే రోజులొచ్చాయి. 2002 సెప్టెంబర్‌లో తిరుగుబాటు పేలి, ఉత్తర సగం బువాకే కేంద్రంగా తిరుగుబాటుదారుల వశమైంది. దక్షిణం అధ్యక్షుడు లారాన్ బాగ్బో ప్రభుత్వం కింద మిగిలింది.

జట్టు మాత్రం చీలలేదు. ద్రోగ్బాది బాగ్బో తెగే, బేటే. జట్టులోని కోలో, యాయా టూరే సోదరులు పుట్టింది బువాకేలో. ఆ విన్నపానికి అంత బలం వచ్చింది ఇందుకే.

2007 మార్చిలో ప్రభుత్వానికీ తిరుగుబాటుదారులకూ మధ్య వాగడూగూ శాంతి ఒప్పందం కుదిరింది. తిరుగుబాటు నేత గియోమ్ సొరో ప్రధాని అయ్యాడు. ఆఫ్రికా ఉత్తమ ఆటగాడి ట్రోఫీ పట్టుకుని బువాకే వెళ్లిన ద్రోగ్బా, మడగాస్కర్‌తో జరగాల్సిన మ్యాచ్‌ను అక్కడే ఆడదామన్నాడు. జూన్ 3న ఆడారు, 5-0తో గెలిచారు. ఇన్నేళ్లూ ఒకరిపై ఒకరు తుపాకులు ఎక్కుపెట్టినవాళ్లు ఒకే స్టేడియంలో, ఒకే జట్టు కోసం కేకలు వేశారు.

ద్రోగ్బా ఒక్కడే యుద్ధం ఆపాడనడం అతిశయోక్తి. ఒప్పందం అప్పటికే జరిగిపోయింది. కానీ కాగితం మీది సంతకాలను జనం నమ్మేలా చేసింది ఆ ఆటే. పౌరసత్వపు తగువును తేల్చడం ఆటగాళ్ల చేతుల్లో లేదు. 2010 ఎన్నికల్లో ఓడిన బాగ్బో గద్దె దిగనన్నాడు. ఆ తర్వాతి హింసలో దాదాపు 3,000 మంది చనిపోయారు.

2011లో ఏర్పడిన సత్య, సయోధ్య కమిషన్‌లో ద్రోగ్బాకు చోటిచ్చారు. 2024 ఆరంభంలో ఆఫ్రికా కప్‌కు ఐవరీ కోస్టే ఆతిథ్యమిచ్చి, కప్పు గెలిచింది. ఆ టోర్నీ మ్యాచ్‌లు బువాకేలోనూ, ఉత్తరాన కొర్హోగోలోనూ జరిగాయి.