మృతుల స్మరణ: ఎవరి నుంచి ఎవరికి?

నవంబరు 2న కాథలిక్కులు మృతుల కోసం ప్రార్థిస్తారు. ఫ్రాన్సులోని క్లూనీ మఠాధిపతి ఓడిలో సుమారు 998లో ఈ ఆచారాన్ని తన మఠాల్లో స్థిరపరచాడు. దానికి రెండు రోజుల ముందు, అక్టోబరు 31 రాత్రి, 'విక్కా' అనే ఆధునిక మంత్రగత్తెల మతంవారు 'సావిన్' జరుపుతారు. కొందరు పోయినవారికీ పళ్లెం పెట్టి మౌనంగా భోంచేస్తారు.

బ్రిటన్ 1951లో మంత్రవిద్యా చట్టాన్ని రద్దుచేశాక, 1954లో జెరాల్డ్ గార్డ్‌నర్ పుస్తకంతో ఈ మతం లోకానికి తెలిసింది. పాత పండుగనే క్రైస్తవులు తీసుకున్నారని విక్కనుల్లో చాలామంది నమ్మకం. అయితే ప్రాచీన సావిన్ మృతుల పండుగ అనడానికి గట్టి ఆధారం లేదని చరిత్రకారుడు రోనాల్డ్ హట్టన్ 1996లో చూపాడు. స్మరణ క్రైస్తవుల నుంచే విక్కాకు వచ్చి ఉండవచ్చు.

ఊరు విడిచి తరాలైన మనమూ మన ఆచారాలను 'అనాది' అంటుంటాం. వాటి వయసు అడగడం అపచారం కాదని మేమనుకుంటాం. ఆచారం కొత్తదైనంత మాత్రాన పోయినవారిపై ప్రేమ అబద్ధం కాదు.